విరగని కాలికి గొలుసు

మొన్న మా తోడల్లుడు బలవంతం చేస్తే వినుకొండ అవతల ఒక ఊళ్ళో బండలాగుడు పందాలు చూడబోయాను. పందెం గిత్తలు సరే, నన్ను ఆపేసింది మాత్రం ఒక ముసలి ఎద్దు. పైన పట్టా కట్టి, కింద జానెడు మందాన వరిగడ్డి పరిచి దాన్ని పడుకోబెట్టారు. ఒకప్పుడు జిల్లాలు తిరిగి బహుమతులు తెచ్చిందట. ఇప్పుడు దానంతట అది లేవలేదు. జనం చూస్తామంటే ట్రాక్టరు ట్రక్కులో తీసుకొచ్చామని దాని ఆసామి చెప్పాడు.

"ఇన్నాళ్ళు పడుకునే ఉంటే ఒళ్ళు పుండ్లు పడలేదా?" అని అడిగాను. నా ఉద్యోగం మిగిల్చిన అలవాటు అది.

"ఎట్టా పడతయ్యండీ? రోజుకు నాలుగుసార్లు పక్క మారుస్తాం. ఇంట్లో ఆరుగురం ఉన్నాం గదా," అన్నాడు. అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు మళ్ళీ పందెం వైపు తిరిగాడు.

నాకు ఉన్నట్టుండి కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఎద్దు మీదా కాదు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటున్నా ఆ కోపం దిగలేదు. కాస్త గడ్డి, పక్క మార్చడానికి నలుగురు మనుషులు. ఒక మనిషి కోసం నేను అవే అడిగి అడిగి, కాగితాలు రాసి రాసి, చివరికి తెచ్చిపెట్టలేకపోయాను. ఆ మనిషి కూడా బతుకంతా ఎద్దుల మధ్య గడిపినవాడే.

నేను జైలు ఆసుపత్రిలో మేల్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అది ఏ ఊరి జైలో చెప్పను. ఆయన పేరు కూడా చెప్పను. ఆయన కొడుకులు ఇంకా నలుగురిలో తిరగాలి. లోపల అందరూ పెద్దాయన అనేవాళ్ళు. పల్నాడు మెట్ట మనిషి. రెండెకరాల మిరప చేను ఉన్నా ఆయన అసలు పని ఎద్దుల బేరం. సంతల్లో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి ధర తెగ్గొట్టేవాడు. అరవై దాటిన వయసులో, కాలవ నీళ్ళు ముందు ఎవరి చేనుకు పారాలన్న తగాదా వచ్చి, పక్క చేను ఆసామిని ఎద్దుల్ని తోలే ముల్లుగర్రతో కొట్టాడు. అతను మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. కేసు ఏళ్ళ తరబడి నడిచి యావజ్జీవం పడేసరికి ఈయనకు డెబ్బై. ఇందులో దాచడానికేమీ లేదు, ఆయనా దాచేవాడు కాదు. "ఒక్కటే కొట్టా. ఒక్కటే చాలింది," అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క అనేవాడు కాదు.

మొదటిరోజు నేను ఆయన్ని పరీక్షించానని చెప్పలేను. ఆయనే నన్ను పరీక్షించాడు. కొత్తగా వచ్చిన ఖైదీకి బీపీ, బరువు చూడాలి. నేను గది మూలకు వెళ్ళి తూకం మిషను తెచ్చేలోగా ఆయన నా నడక చూసేశాడు.

"అబ్బాయ్, నీకు కుడి మోకాలు పోయింది. బరువంతా ఎడమ దాని మీద ఏస్తన్నావు. ఏడాదిలో అది కూడా పోద్ది."

"నోరు మూసుకుని ఎక్కు," అన్నాను. మోకాలి నొప్పి సంగతి అప్పటికి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు.

మనిషి ఎదురైతే ముందు కాళ్ళు చూసేవాడు, తర్వాత మెడ, తర్వాత కళ్ళు. మాట వినడం ఆఖరు. "మాటదేముందిలే, అమ్మేవాడు ఏమైనా చెప్తాడు," అనేవాడు. సాయంత్రం లెక్కకు ఖైదీలు వరసలు కడుతుంటే ఒక్కొక్కణ్ణి సంతలో పశువును చూసినట్టు చూసేవాడు. ఒకరోజు నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచొస్తున్న ఒక ముసలాయన్ని చూపించి, "ఆయన ఎడమ కాలు ఈడుస్తన్నాడు. నిన్న ఈడవలా. డాక్టరుకు చూపించు," అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. తెల్లారేసరికి ఆ ముసలాయనకు ఎడమ పక్కంతా పడిపోయింది. ఆ తర్వాత నేను నవ్వలేదు. మందుల బుట్టతో బ్యారక్‌లకు వెళ్ళే ముందు రోజూ ఆయన దగ్గర ఆగి, "ఏంటి పెద్దాయనా, ఇవాళ ఎవరు?" అని అడిగేవాణ్ణి. ఆయన ఎవరి పేరో చెప్పేవాడు. ఎక్కువసార్లు ఆయన మాటే నిజమయ్యేది.

అలాగని మంచివాడని చెప్పను. మాత్రలు చెంపలో దాచి నేను తిరగ్గానే ఉమ్మేసేవాడు. పక్కవాడి అరటిపండు తిని, తినలేదని పిల్లల మీద ఒట్టు పెట్టేవాడు. అన్నం పలుకుగా ఉందని వంటవాణ్ణి వాడి ముత్తాత దాకా తిట్టేవాడు. నన్ను ఎన్నిసార్లు విసిగించాడో లెక్కలేదు.

బయటివాళ్ళకు తట్టని సంగతి ఒకటుంది. జైలు కట్టినవాళ్ళు పడుచువాళ్ళను మనసులో పెట్టుకుని కట్టారు. గోడ దూకేవాణ్ణి ఎలా ఆపాలో ఆలోచించారు. గడప దాటలేనివాణ్ణి ఎలా దాటించాలో ఆలోచించలేదు. పడక నేల మీద. మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేది, పట్టుకుని లేవడానికి గోడకు ఏ ఆసరా ఉండదు. ప్రతి లెక్కకూ కింద కూర్చోవాలి, మళ్ళీ లేవాలి. డెబ్బై దాటినవాళ్ళు మా దగ్గర ఇరవై మంది పైనే ఉండేవాళ్ళు. ఆసుపత్రిలో మంచాలు ఎనిమిది. డాక్టరు వారానికి మూడు రోజులు. మిగతా అన్నిటికీ నేనొక్కణ్ణి. దొడ్డి గోడకు ఇనప కమ్మీ బిగించమని కాగితం రాస్తే, ఖైదీలు ఉరి వేసుకునే ప్రమాదం ఉన్నందున వీలుకాదని జవాబు వచ్చింది. నేను అడిగింది మోకాలెత్తు కమ్మీ.

ఎద్దుల బేరంలో ధర నోటితో చెప్పరు. తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా. నొప్పి ఎంత ఉందో ఒకటి నుంచి పదిలోపు చెప్పమని రోగిని అడగాలని మాకు నేర్పారు. నేను అడిగితే ఆయన పదిమందిలో ఎప్పుడూ "ఏం లేదు" అనేవాడు. అని, తుండు చేతి మీద కప్పి, "చెయ్యి పెట్టు" అనేవాడు. లోపల నా వేళ్ళు పట్టుకుని నొక్కేవాడు. మూడు, నాలుగు.

"నోటితో చెప్పొచ్చుగా?" అన్నాను ఒకసారి.

"నొప్పి ఉందని తెలిస్తే ఇక్కడ పళ్ళెంలో ముక్క కూడా లాక్కుంటారబ్బాయ్."

ఒకరోజు ఐదు వేళ్ళూ నొక్కి, వదిలి, మళ్ళీ ఐదూ నొక్కాడు. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. చూస్తే ముందురోజు నుంచి మూత్రం బంధించి ఉంది. పొట్ట రాయిలా ఉంది. గొట్టం వేసి తీశాక ఆయన కళ్ళు మూసుకుని, "గొడ్డుకైతే ఈపాటికి కనిపెట్టేవాణ్ణి. నాది నేను కనిపెట్టలేకపోయా," అన్నాడు.

డెబ్బై ఆరో ఏటికి ఆయన నడక తూలడం మొదలైంది. చేతికర్ర ఇప్పించమని సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఏ కేసయ్యా ఆయనది?"

"మర్డర్ సార్."

"ఆయుధం?"

ఆయనే ఫైలు తిప్పాడు.

"ముల్లుగర్ర. ఫైల్లో ఉంది. నువ్వేమో ఆయన చేతికి కర్ర ఇమ్మంటున్నావు. రేపు ఎవడి తలన్నా పగిలితే సంతకం ఎవరిది?"

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. నాకు చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయనకు తన ఉద్యోగం ఉంది, పైన అడిగేవాళ్ళున్నారు, నాకున్నట్టే. పెద్దాయనకు ఈ సంగతి చెబితే కాసేపు నవ్వాడు.

"నిజమే గదా. పొడిచిన ఎద్దుకు కొమ్ములు కోస్తారు. అయితే, కోసినాక మేత మానెయ్యరబ్బాయ్."

కర్ర బదులు ఆయనకు మస్తాన్ భుజం దొరికింది. మస్తాన్ కూడా శిక్ష పడ్డవాడే, నలభై ఏళ్ళుంటాయి. సత్తెనపల్లి దగ్గర దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. జైల్లో అతనికి ఇచ్చిన పని ఆసుపత్రిలో ఊడవడం, రోగులకు సాయం చేయడం. ఎంత తిట్టినా మొహం మాడ్చుకునేవాడు కాదు. పెద్దాయన ఎడమ చెయ్యి ఆ భుజం మీద వేసి ఆసుపత్రికీ బ్యారక్‌కీ మధ్య తిరిగేవాడు. "వీడు వాటమైన జోడు. పక్కకు లాగడు," అనేవాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట నేను వినలేదు.

తర్వాత కళ్ళు పోయాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. చిన్న ఆపరేషను, బయట ఊళ్ళో ముసలివాళ్ళు పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొస్తున్నారు. మా దగ్గర మాత్రం ఖైదీని బయటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే పోలీసు ఎస్కార్టు రావాలి. మొదటిసారి తేదీ ఖాయం చేస్తే ఎవరో పెద్దవాళ్ళ పర్యటన వచ్చి ఎస్కార్టు రాలేదు. రెండోసారి తిరనాళ్ళ బందోబస్తు. మూడోసారి పరీక్షల డ్యూటీ. నాలుగోసారి మనుషులున్నారు, బండి లేదు. ప్రతిసారీ పెద్దాయన తెల్లవారకముందే స్నానం చేసి, మస్తాన్ ఉతికిన చొక్కా తొడుక్కుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా లోపలి గేటు దగ్గర కూర్చునేవాడు. తినమంటే, "కోతకు పోయేటప్పుడు తినగూడదు," అనేవాడు. కంటి ఆపరేషనుకు ఉపవాసం అక్కర్లేదని నేనెంత చెప్పినా వినలేదు.

నాలుగోసారి సాయంత్రం నాలుగింటికి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "ఇవాళ కూడా రారు పెద్దాయనా," అన్నాను.

"సంతకు తోలుకుపోతామని ఎద్దును నాలుగుసార్లు కడిగి, నాలుగుసార్లూ కొట్టంలోనే కట్టేస్తే అది కూడా తంతది," అన్నాడు. అంటూనే గ్లాసు నా మీదకు విసిరాడు. గురి తప్పి గోడకు తగిలింది. కళ్ళు కనపడి ఉంటే తప్పేది కాదు.

రెండు నెలల తర్వాత మరుగుదొడ్డిలో పడ్డాడు. కుడి తుంటి విరిగింది. అప్పుడు ఎస్కార్టు గంటలో వచ్చింది. నాలుగుసార్లు రాని బండి మనిషి విరిగాక గంటలో వచ్చింది.

గుండె బలహీనంగా ఉంది, మత్తు ఇస్తే తట్టుకోలేడని అక్కడి డాక్టర్లు ఆపరేషను చేయలేదు. పది రోజులుంచుకుని, మంచం మీదే ఉంచండి, రెండు గంటలకోసారి పక్క మార్చండి అని చీటీ రాసి పంపించేశారు. చీటీ రాసినవాళ్ళకు మా దగ్గర ఎంతమంది ఉన్నారో తెలియదు.

మస్తాన్ లేకపోతే ఆయన ఆ నెలలోనే పోయేవాడు. జైలు నేత యూనిట్‌లో పారేసిన పత్తి అడిగి తెచ్చుకుని, గింజా నలుసూ ఏరి, వేళ్ళతోనే విడదీసి చిన్న చిన్న దిండ్లు కుట్టాడు. మడమల కిందికి రెండు, తుంటి పక్కన ఒకటి, మోకాళ్ళ మధ్య ఒకటి. కుక్కినట్టు నింపితే ఒత్తుకుంటుందని, ఎక్కడ ఎంత వదులుండాలో చేత్తో నొక్కి చూసి కుట్టేవాడు. పొద్దున కడిగేవాడు, తుడిచేవాడు, మధ్యాహ్నం మళ్ళీ కడిగేవాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ పెద్దాయన సిగ్గుతో మస్తాన్‌ని నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

"తిట్టు తాతా. తిట్టినంతసేపు ఊపిరి బాగా ఆడుద్ది," అనేవాడు మస్తాన్, గుడ్డ పిండుకుంటూ.

ముసలితనం, జబ్బు కారణంగా ఆయన్ని ముందుగా విడుదల చేయాలని ఒక ఫైలు అంతకు రెండేళ్ళ ముందే కదిలింది. మొదటిసారి తిరిగొచ్చింది. తుంటి విరిగాక మళ్ళీ పంపితే మళ్ళీ తిరిగొచ్చింది. రెండుసార్లూ పోలీసు రిపోర్టులో ఒకటే వాక్యం: హతుడి భార్య తీవ్ర అభ్యంతరం తెలిపినందున, విడుదల చేస్తే గ్రామంలో శాంతిభద్రతలకు భంగం. రెండుసార్లూ అదే అక్షరం దగ్గర అదే తప్పు. పాత కాగితం చూసి ఎక్కించారని ఎవరికైనా అర్థమవుతుంది. అర్థమై ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

నేను ఒకరోజు సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాను. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారు.

ఊరి బయట కల్లంలో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. హతుడి భార్య కోటమ్మ తలకు గుడ్డ చుట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. అరవై ఐదు దాటి ఉంటాయి. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. ఘాటుకు రెండుసార్లు దగ్గాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. తుంటి విరిగింది. లేవలేడు. కళ్ళు కనపడవు. ఆయన్ని వదలడానికి మీరు ఒప్పుకోలేదని కాగితాల్లో ఉంది."

అప్పుడు చెయ్యి ఆగింది.

"నేనెప్పుడు చెప్పా? నన్నెవరూ అడగలా. పోలీసులు మా గడప తొక్కి పదేళ్ళయింది."

"రెండుసార్లు రాశారమ్మా."

"నా పేరు మీదనే?"

"మీ పేరు మీదనే."

ఆమె లేచి నిలబడింది. నా మీద అరుస్తుందనుకున్నాను. గొంతు తగ్గించింది.

"ఆయన మీద కోపం నాది. సచ్చేదాకా ఉంటది. దాన్ని ఏం చేసుకోవాల్నో నేను చూసుకుంటా. నా కోపాన్ని వాళ్ళు వాడుకునేదేంది?"

ఆమె మళ్ళీ కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. కొంచెంసేపటికి, "ఎవరు కడుగుతన్నారు ఆయన్ని?" అంది.

"ఇంకో ఖైదీ అమ్మా. బాగానే చూస్తున్నాడు."

"మా ఆయన మూడు రోజులున్నాడు ఆసుపత్రిలో. తెలివి లేదు. నేనే కడిగా." ఒక తాలుకాయ చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. "అట్టా పడుండటం మా శత్రువుకు కూడా వద్దనుకున్నా అప్పుడు. శత్రువంటే ఆయనే గదా."

నేను తెల్లకాగితం తీశాను. ఆమె చెప్పినట్టే రాశాను: నన్ను ఎవరూ అడగలేదు, ఆయన్ని వదలడానికి నాకు అడ్డు లేదు, కానీ ఈ ఊరు రాకూడదు, ఎక్కడికైనా పోవచ్చు. చదివి వినిపించాను. ఊరు రాకూడదన్న మాట ఇంకోసారి చదివించుకుని వేలిముద్ర వేసింది. నా ఫోను నంబరు రాసిమ్మని తీసుకుని కొంగున ముడేసుకుంది.

మర్నాడు పెద్దాయనకు చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం గట్టిపడింది.

"నిన్నెవడు పొమ్మన్నాడు?"

"నీ కోసమే కదా."

"ఆ గడప తొక్కే మొహం నాకు లేదు. పదిహేనేళ్ళు తొక్కలా. నా కోసమని నువ్వు తొక్కి, ఆ తల్లి చేత ఏలుముద్ర ఏయించుకొచ్చావా?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మందు మింగమంటే గోడ వైపు తిరిగేవాడు. తిరగలేడు పాపం, తల మాత్రం తిప్పేవాడు. మూడో రోజు ఇంజెక్షను చేస్తుంటే మెల్లగా అడిగాడు.

"కల్లంలో ఉందన్నావు. కాయ ఎట్టా ఉంది?"

"ఎర్రగా ఉంది. తాలు తక్కువే."

"ఆమె చేనుకు నీళ్ళు అందుతున్నయ్యంటనా?"

"నేను అడగలేదు పెద్దాయనా."

"అడగాల్సింది," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కనపడని కళ్ళు మూసుకుంటే నిద్రో ఏడుపో తెలియదు.

ఆ కాగితం జతచేసి ఫైలు మూడోసారి వెళ్ళింది. రెండు నెలలకు తిరిగొచ్చింది. ఖైదీ గ్రామానికి రాకూడదని హతుడి భార్య స్వయంగా తెలిపినందున అభ్యంతరం కొనసాగుతున్నట్టే భావించడమైనది. ఇంకో కాగితం నా పేరున వచ్చింది. అనుమతి లేకుండా హతుడి కుటుంబాన్ని కలిసి సాక్ష్యం సేకరించినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో వారంలోగా తెలపాలి. నాకు రిటైర్మెంట్ ఏడాదిన్నర ఉంది. తెలియక చేశాను, ఇకముందు చేయను అని రాసిచ్చాను. ఇంటికెళ్ళి మా ఆవిడ మీద అరిచాను. ఆమె చేసిన తప్పేమీ లేదు.

అదే నెలలో మస్తాన్‌కు ఓపెన్ జైలుకు బదిలీ వచ్చింది, సత్ప్రవర్తన కింద. అక్కడ తోట పని, శిక్షలో రోజులు తగ్గుతాయి, ఇంటివాళ్ళు వస్తే దగ్గర కూర్చుని మాట్లాడొచ్చు.

"నేను పోనని రాయండి సార్. ఈ తాత పోయేదాకా ఉంటా," అన్నాడు.

అతనికి ఇద్దరు ఆడపిల్లలు. నేను రాయలేదు. వెళ్ళే రోజు మస్తాన్ తన తర్వాత వచ్చిన ఇద్దరికీ దిండ్లు ఎక్కడ పెట్టాలో, ఎటు తిప్పాలో రెండుసార్లు చేసి చూపించాడు. వాళ్ళు తలూపారు. అతను గేటు దాటిన మూడో రోజుకే పక్క మార్చడం రోజుకు రెండుసార్లయింది, తర్వాత ఒకసారి. నేను తిడితే చేసేవాళ్ళు, ఇంకో బ్యారక్‌కు వెళ్తే మానేసేవాళ్ళు. వాళ్ళనీ ఏమనలేను. వాళ్ళకు పడిన శిక్షలో ఈ పని లేదు. నేను చేయబోతే నా మోకాళ్ళు వంగేవి కావు, ఆయన చెప్పినట్టు రెండోది కూడా పోయింది. నెల తిరగకముందే నడుం కింద పుండు పడింది. వేలు పట్టేంత లోతు.

చీము ఒళ్ళంతా పాకి జ్వరం తగలడంతో మళ్ళీ బయటి ఆసుపత్రికి చేర్చారు. రెండో రోజు నేను చూడబోయాను. వార్డు మూల మంచం. కాపలాకు ఇద్దరు కానిస్టేబుళ్ళు. దుప్పటి తీసి చూస్తే కాలికి గొలుసు, గొలుసు రెండో చివర మంచం కోడుకు. కుడి తుంటి విరిగింది కాబట్టి ఎడమ కాలికి వేశారు. విరగని కాలికి.

"ఏంటయ్యా ఇది, ఈయన ఎక్కడికి పోతాడు?" అన్నాను.

"తెలుసు సార్. తీసినాక ఏమన్నా అయితే మా ఉద్యోగాలు పోతయ్," అన్నాడు ఆ కానిస్టేబులు. అతని గొంతులో కరుకు లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు నేను మంచం పక్కనే ఉండగా ఆయన పోయాడు. పెద్దగా ఏమీ జరగలేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది, తర్వాత రాలేదు. డ్యూటీ డాక్టరు వచ్చి చూసి రాసింది. గొలుసు తీయమన్నాను. తాళంచెవి రెండో కానిస్టేబులు దగ్గర ఉంది, అతను భోజనానికి వెళ్ళాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. గంటన్నర సేపు నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆయన చనిపోయి కూడా గొలుసుతో మంచానికి కట్టేసి ఉన్నాడు. పక్క మంచం వాళ్ళు అన్నం తింటూ మధ్యమధ్యలో ఆ కాలు వైపు చూశారు. రెండు దాటాక అతను వచ్చి, చూసి, "అయ్యో," అని తాళం తీశాడు.

కొడుకుల్లో ఒకడు మార్టూరు వైపు గ్రానైటు క్వారీలో టిప్పరు నడుపుతాడు. వచ్చి శవాన్ని తీసుకెళ్ళాడు. ఊరికి కాదు.

ఖైదీ చనిపోతే విచారణ జరగాలి. పది రోజుల తర్వాత ఒక అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు, నన్ను కూర్చోమన్నాడు. వాంగ్మూలం కాగితంలో ఒక ప్రశ్న ఉంది: మృతుడి వైద్యంలో గానీ సంరక్షణలో గానీ లోపాలేమైనా ఉన్నాయా? నాకు ఇచ్చిన మెమో గుర్తొచ్చింది. పెన్షను గుర్తొచ్చింది. "లేవు" అని రాశాను. రెండక్షరాలే.

ఆయన ఆ కాగితం చూసి, నా మొహం చూశాడు. "ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?"

"లేదు సార్."

ఆ వారంలోనే ఒక పొద్దున కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. కోటమ్మ.

"పోయాడంట గదా. ఊళ్ళో అనుకుంటన్నారు. ఎట్టా పోయాడు?"

"ప్రశాంతంగానే పోయాడమ్మా," అన్నాను. ఎవరడిగినా చెప్పడానికి అలవాటైన మాట.

"నేను అబద్ధం వినడానికి చెయ్యలా. చెప్పు."

చెప్పాను. కమ్మీ, కర్ర, నాలుగుసార్లు రాని బండి, మస్తాన్ బదిలీ, పుండు, గొలుసు, తాళంచెవి. ఆమె వేలిముద్ర వేసిన కాగితాన్ని పైవాళ్ళు ఎలా చదువుకున్నారో కూడా చెప్పాను. అన్నీ వరసగా ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. అవతల ఎక్కడో ట్రాక్టరు శబ్దం వినిపిస్తోంది.

అంతా అయ్యాక, "ఇయ్యన్నీ ఆడ రాశావా?" అంది.

"లేదమ్మా."

"నా పేరు మీద లేంది వాళ్ళు రాశారు. ఉన్నది నువ్వు రాయలా."

ఆమె ఫోను పెట్టేసింది.